మామిడి సీమలో చాకొలెట్టు పుల్లలు

జపానుదేశములోని ఒసాకా నగరమునకు చెందిన ఎజాకి గ్లికో కంపెనీ 1966లో ఒక క్రొత్త చిరుతిండిని అంగళ్లకు పంపెను. అది పెన్సిలు కంటె సన్నని బిస్కెట్టు పుల్ల. పొడవు జానకు తక్కువ. ఒక కొనను రెండు వ్రేళ్లు పట్టునంత మేర విడిచి, తక్కిన భాగమంతటికిని చాకొలెట్టు పూసియుండును. కొరికినప్పుడు వచ్చు చప్పుడు జపానువారి చెవికి "పొక్కిన్" అని వినబడునట. దానినుండియే "పొక్కీ" అను పేరు వచ్చినది. తెలుగువారి చెవికి అదే చప్పుడు "పుటుక్కు" మని వినబడును.

ఆ కంపెనీ పేరునకు కూడ ఒక చిన్న కథ కలదు. దాని స్థాపకుడు ఎజాకి రీచి ఆల్చిప్పలను ఉడికించిన నీటిలో గ్లైకోజన్ అను పదార్థమున్నదని గ్రహించి, దానిని చేర్చిన కారమెల్ మిఠాయిని 1922లో అమ్మసాగెను. గ్లైకోజన్ అను పేరునుండి గ్లికో అను పేరు వచ్చెను. కాలేయములోను కండరములలోను శరీరము దాచుకొను పిండిపదార్థముగా ఈ గ్లైకోజన్ ఉన్నత పాఠశాల విద్యార్థులకు పరిచితమే.

పుల్లలోని తెలివి అంతయు ఆ పూతలేని కొనలో ఉన్నది. మంచి చాకొలెట్టు సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. మనిషి శరీరపు ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. ఈ మూడు డిగ్రీల తేడావలననే చాకొలెట్టు నాలుకపై కరగిపోవును. ఆ తేడావలననే చేతికి అంటుకొని చొక్కాలను పాడుచేయును. పట్టుకొనుటకు వేరొక చోటు చూపినచో చిక్కు తీరిపోవును. ఐసుక్రీముకు పుల్ల గ్రుచ్చినవారు చేసినదియు ఇదే. కాని ఇక్కడ పుల్లను కూడ తినవచ్చును.

ఇంటిలో ఈ పుల్లలను చేయుట కష్టము కాదు. మైదాపిండి, వెన్న, పంచదార, పాలు, ఒక చాకొలెట్టు కడ్డీ ఉన్న చాలును. కాని నూజివీడులోనో, ఆగిరిపల్లిలోనో, ముసునూరులోనో, చాట్రాయిలోనో వేసవి సెలవులలో ఈ పని పెట్టుకొన్న పిల్లలకు కలుగు అనుభవము మరియొక రకముగా ఉండును. బిస్కెట్టు చక్కగా కాలును. చాకొలెట్టు చక్కగా కరగును. పుల్లను ముంచి తీసిన తరువాత గంట గడచినను పూత గట్టిపడదు. విసిగి రిఫ్రిజిరేటరులో పెట్టినచో గట్టిపడును గాని, బయటికి తీసిన కొలది నిమిషములకే దానిపై చెమట పట్టును. మరునాటికి నిగనిగ పోయి తెల్లని మచ్చలు తేలును. బిస్కెట్టు మెత్తబడును. పుటుక్కుమను చప్పుడు రాదు.

ఇందులో చేసినవారి తప్పు కొంచెమే. ఎక్కువ భాగము ఒక క్రొవ్వుపదార్థపు స్వభావమునకు సంబంధించినది. ఆ క్రొవ్వునకు దగ్గరి చుట్టము నూజివీడు మామిడితోటలలోనే, ఆవకాయ పెట్టునాడు ఇల్లాండ్రు ఏరి పారవేయు జీడిలో ఉన్నది.

కోకో ఎంత దూరము?

నూజివీడు 2022 ఏప్రిలు 4 వరకు కృష్ణాజిల్లాలో ఉండి, ఆ తేదీన ఏలూరు జిల్లాలో చేరినది. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు మున్నగు మామిడి రకములకు ఈ ప్రాంతము పేరు పొందినది. మామిడి పరిశోధన స్థానము కూడ ఇక్కడ కలదు. అయితే ఇదే జిల్లాలో తూర్పుగా పోయినచో పెదవేగి, కామవరపుకోట, ద్వారకాతిరుమల ప్రాంతములలో కొబ్బరితోటల నీడను, ఆయిల్‌పామ్ తోటల నీడను మరియొక చెట్టు పెరుగుచున్నది. అదియే కోకో. చాకొలెట్టు అనగానే స్విట్జర్లాండును తలచువారు ఎక్కువ. కాని స్విట్జర్లాండులో కోకో చెట్టు పెరగదు. ఏలూరు జిల్లాలో పెరుగును. భారతదేశమున కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము.

కోకో దక్షిణ అమెరికా అడవుల చెట్టు. లిన్నేయస్ 1753లో దానికి "థియోబ్రోమా" అని పేరు పెట్టెను. "దేవతల ఆహారము" అని ఆ పేరునకు అర్థము. దాని కాయలు కొమ్మల చివరలను గాక, పనసకాయలవలె మ్రాను మీదను లావు కొమ్మల మీదను పుట్టును. కాయను పగులగొట్టినచో తెల్లని తీయని గుజ్జులో గింజలు వరుసలుగా అమరియుండును. గుజ్జుతోనే గింజలను ఆరేడు దినములు పెట్టెలలో పులియబెట్టుదురు. సూక్ష్మజీవులు గుజ్జులోని చక్కెరను మొదట ఆల్కహాలుగాను, పిదప ఆమ్లముగాను మార్చును. గింజల కుప్ప 45 డిగ్రీలను దాటి వేడెక్కును. ఆ వేడికిని ఆమ్లమునకును గింజలోని మొలక చచ్చును, చేదు తగ్గును, తరువాత వేయించునప్పుడు చాకొలెట్టు వాసనగా మారగల పదార్థములు తయారగును. పులియని గింజను ఎంత వేయించినను చాకొలెట్టు వాసన సరిగా రాదు.

రైతులు చాలమంది ఎండిన గింజను అమ్మివేయుదురు. అది దూరపు కర్మాగారములకు పోయి, రంగు కాగితము చుట్టుకొని, నూజివీడు బస్సు స్టాండు దుకాణమునకు తిరిగివచ్చును. ఈ ఏర్పాటులో ఇటీవల కొంత మార్పు కానవచ్చుచున్నది. 2023లో హైదరాబాదున ఆరంభమైన మనం చాకొలెట్టు సంస్థ గోదావరి ప్రాంతపు గింజలను తడికలపూడిలో పులియబెట్టించి, ఆ ప్రాంతము పేరుతోనే చాకొలెట్టు అమ్ముచున్నది.

క్రొవ్వునకు ఆరు రూపములు

వేయించి పొట్టు తీసిన కోకో పప్పులో సగమునకు మించి క్రొవ్వే. దీనికి కోకో వెన్న అని పేరు. 1828లో హాలండుదేశమున వాన్ హౌటెన్ కుటుంబమువారు ఈ క్రొవ్వును మరతో పిండి తీయు ఉపాయము కనిపెట్టిరి. మిగిలిన పిండియే పాలలో కలుపుకొను కోకోపొడి. పిండిన క్రొవ్వును కోకో ముద్దకును చక్కెరకును అదనముగా చేర్చిన పిమ్మటనే, కొరికి తినదగిన చాకొలెట్టు కడ్డీ సాధ్యమైనది. అంతకుముందు చాకొలెట్టు అనగా ఒక పానీయము మాత్రమే. ఈ విధముగా చాకొలెట్టు కడ్డీ అనగా, కోకో పొడియు చక్కెర పొడియు పాలపొడియు కోకో వెన్నలో చిక్కుకొనియున్న ఒక గట్టి మిశ్రమము. అందులో నీరు ఉండదనియే చెప్పవచ్చును. ఈ సంగతి మామిడి రసము ప్రస్తావన వచ్చినప్పుడు మరల అవసరమగును.

కొబ్బరినూనె శీతకాలములో గడ్డకట్టుట అందరును చూచినదే. నేయి పేరుకొనుటయు చూచినదే. ఇవి గట్టిపడునప్పుడు వాటి అణువులు ఒక క్రమములో అమరి స్ఫటికములగును. కోకో వెన్నలోని విశేషమేమనగా, దాని అణువులు ఒకటి గాదు, రెండు గాదు, ఆరు విధములుగా అమరగలవు. బుట్టలోనికి మామిడికాయలను గుమ్మరించినచో కొన్ని కాయలతోనే బుట్ట నిండిపోవును. అవే కాయలను ముచ్చిక ఒక వైపునకు వచ్చునట్లు వరుసగా పేర్చినచో ఎక్కువ పట్టును, కదపినను చెదరవు. స్ఫటికములును అంతే. త్వరగా, అడ్డదిడ్డముగా అమరినవి తక్కువ వేడికే విడిపోవును. నిదానముగా, దగ్గరదగ్గరగా అమరినవి ఎక్కువ వేడికి నిలుచును.

విల్లీ, లట్టన్ అను శాస్త్రజ్ఞులు ఈ ఆరు రూపములను వేరువేరుగా గుర్తించి, వాటి ద్రవీభవన స్థానములను ప్రకటించిరి. అదియు 1966లోనే, అనగా బిస్కెట్టు పుల్ల జపానులో పుట్టిన యేడాదియే. మొదటి రూపము సుమారు 17 డిగ్రీలకు కరగును, రెండవది 23కు, మూడవది 25న్నరకు, నాలుగవది 27కు, అయిదవది 34కు, ఆరవది 36కు. తినుటకు కావలసినది అయిదవ రూపము. నిగనిగ మెరయునది అదే. విరిచినచో ఫెళ్లుమనునది అదే. చేతిలో కొంతసేపైనను నిలుచునది అదే. నాలుగవ రూపములో గట్టిపడిన చాకొలెట్టు చూచుటకు మామూలుగానే ఉండును గాని, నూజివీడులో మాఘమాసపు మధ్యాహ్నమునకైనను మెత్తబడును. ఆరవ రూపము నిలువయుంచిన చాకొలెట్టులో నెలల తరబడి మెల్లగా ఏర్పడును; అది నోట త్వరగా కరగదు.

కరగిన చాకొలెట్టును ఊరక చల్లార్చినచో అయిదవ రూపము ఒక్కటియే రాదు. మూడు, నాలుగు రూపములు కలగలుపుగా వచ్చును. అవి నిలుకడ లేనివి. దినములు గడచుకొలది తమలో తాము మరల సర్దుకొనుచు, ఆ సర్దుబాటులో కొంత క్రొవ్వును పైకి త్రోయును. అదియే పైన కనబడు తెల్లని బూడిదవంటి పొర. పల్లెటూరి దుకాణములో ఎండ తగిలి కరగి, రాత్రికి మరల గట్టిపడిన చాకొలెట్టుపైనను ఇదే కనబడును. పిల్లలు దానిని బూజు అనుకొని పారవేయుదురు. అది బూజు కాదు, క్రొవ్వే. తిన్నచో హాని లేదు. రిఫ్రిజిరేటరునుండి తీసిన చాకొలెట్టుపై గాలిలోని తేమ నీరై దిగి, పైనున్న చక్కెరను కరగించి, నీరు ఆరిన తరువాత చక్కెర గరుకుగా మిగులుట మరియొక రకపు తెలుపు. రెంటిని గుర్తించుట తేలిక. వ్రేలితో మెల్లగా రుద్దినప్పుడు నున్నగా కరగిపోవునది క్రొవ్వు. గరుకుగా ఉండి, తడివ్రేలికి కరగునది చక్కెర.

పుల్లలు చేయు విధము

ముందు బిస్కెట్టు. 100 గ్రాముల మైదాపిండిలో 20 గ్రాముల పంచదార పొడి, చిటికెడు ఉప్పు, చిటికెడు బేకింగ్ పౌడరు కలిపి, 30 గ్రాముల చల్లని వెన్నను వ్రేళ్లతో రుద్ది రవ్వవలె చేయవలెను. రెండు పెద్ద చెంచాల పాలు కొద్దికొద్దిగా పోసి ముద్దగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట విడువవలెను. మైదాలోని మాంసకృత్తులు నీటితో కలిసి గ్లూటెన్ అను సాగెడు వల అగును. పిండిని ఎక్కువగా పిసికినచో వల బిగిసి, పుల్లలు కాలునప్పుడు ముడుచుకొని వంకరపోవును. అసలే పిసుకనిచో నాన్‌ఖటాయివలె పొడిపొడియై, అంత సన్నని పుల్ల నిలువదు. అరగంట విశ్రాంతి ఇచ్చుట ఈ వల కొంత సడలుటకే.

పీటపై అప్పడాల కర్రతో వత్తి కత్తితో కోయుట అందరు చెప్పు పద్ధతి. తెలుగిండ్లలో ఇంతకంటె మంచి సాధనమున్నది. జంతికల గొట్టములో లావు రంధ్రముల బిళ్లను వేసి, నూనె రాసిన పళ్లెముపై తిన్నగా వత్తి, 12 సెంటిమీటర్ల చొప్పున కోసినచో పుల్లలన్నియు ఒకే లావున వచ్చును. ఒకే లావున ఉన్నప్పుడే అన్నియు ఒకేసారి కాలును. పిండి గట్టిగానున్నచో ఒక చెంచా పాలు ఎక్కువ పోయవచ్చును. ఈ కొలతకు సుమారు 50 పుల్లలు వచ్చును.

ఓవెను ఉన్నవారు 170 డిగ్రీల వద్ద పదిహేను నిమిషములు కాల్చవలెను. లేనివారు మందమైన పాత ఇనుప మూకుడులో రెండంగుళముల ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషములు వేడిచేసి, ఇసుకపై ఒక చుట్టకుదురును, దానిపై పుల్లల పళ్లెమును ఉంచి, మూతపెట్టి సన్నని సెగను కాల్చవచ్చును. ఇక్కడ నిమిషములను నమ్ముటకంటె రంగును నమ్ముట మంచిది. అంచులు గోధుమరంగునకు తిరిగినప్పుడు దింపవలెను. వేడిమీద అవి మెత్తగానే ఉండును. చల్లారిన తరువాతనే కరకరలాడును. కరకరకు కారణము నీరు లేకపోవుటయే. బిస్కెట్టులోని పిండియు చక్కెరయు పొడిగానున్నంతవరకు గాజువలె పెళుసుగా ఉండును. కొంచెము తేమ పీల్చినచో రబ్బరువలె సాగును. వానకాలములో అప్పడములు, జంతికలు మెత్తబడుటయు ఇందువలననే. కావున చల్లారిన పుల్లలను వెంటనే డబ్బాలో వేసి గట్టిగా మూత బిగింపవలెను.

ఇక చాకొలెట్టు. దీనికి అట్టపై వ్రాసిన వివరము చదువవలెను. కోకో వెన్నతో చేసినది వేరు. "కాంపౌండ్" అని అమ్మునది వేరు. రెండవదానిలో కోకో వెన్నకు బదులు వేరు చెట్ల క్రొవ్వులుండును. అవి నేరుగా ఒకే రూపమునకు వచ్చునట్లు తయారు చేయబడినవి గనుక కరగించి ముంచి ఆరబెట్టినచో చాలును, ఏ నేర్పును అక్కరలేదు. రుచి మాత్రము కొంత మైనపుతనము కలిగియుండును. మే నెలలోనే చేయవలెనని పట్టుబట్టిన పిల్లలకు ఇదియే దారి. అసలు చాకొలెట్టును ఎంచుకొన్నవారు డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామును ఎంచుకొనుట ఉత్తమము. ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో 34 డిగ్రీలకు కరగు వస్తువును గాలికి ఆరబెట్టి గట్టిపరచుట ఎవరికిని సాధ్యము కాదు.

150 గ్రాముల చాకొలెట్టును సన్నగా తరిగి, మూడవ వంతు తీసి ప్రక్కన పెట్టవలెను. మిగిలిన రెండు వంతులను పొడి గిన్నెలో వేసి, వేడినీటి గిన్నెపై ఉంచి, 45 డిగ్రీలకు తేవలెను. పొయ్యిమీద నేరుగా పెట్టకూడదు, మాడును. 45 డిగ్రీల వద్ద ఆరు రూపముల స్ఫటికములును పూర్తిగా కరగి, పాత అమరిక చెరిగిపోవును. గిన్నెను దింపి, అడుగు తడిని బట్టతో తుడిచి, తీసి ఉంచిన మూడవ వంతును కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. ఈ తరుగులో కర్మాగారమువారు ఏర్పరచిన అయిదవ రూపపు స్ఫటికములున్నవి. పాలలో వేసిన తోడు చుక్క పాలనంతటిని పెరుగుగా మార్చినట్లు, ఈ స్ఫటికములు తక్కిన క్రొవ్వును తమ అమరికలోనికి లాగుకొనును. తోడులో సూక్ష్మజీవులు పనిచేయును, ఇందులో వట్టి అమరికయే పనిచేయును, అంతే భేదము. కలుపగా కలుపగా 31, 32 డిగ్రీలకు వచ్చినప్పుడు ఆపవలెను. పాల చాకొలెట్టుకైనచో ఇంకొక రెండు డిగ్రీలు తక్కువ ఉండవలెను. కర్మాగారములలో దీనినే టెంపరింగు అందురు.

ఉష్ణోగ్రత చూచుటకు పాఠశాల ప్రయోగశాలలోని పాదరసపు థర్మామీటరును ఎన్నడును వాడరాదు. అది పగిలినచో గిన్నెడు చాకొలెట్టు విషమగును. వంటకు వాడు డిజిటలు థర్మామీటరు దొరకును. అదియు లేనివారికి పూర్వపు మిఠాయివారి పరీక్ష కలదు: ఒక చుక్కను క్రింది పెదవికి తగిలించి చూచుట. పెదవి 34, 35 డిగ్రీల వేడిలో ఉండును గనుక, 31 డిగ్రీల చాకొలెట్టు దానికి కొంచెము చల్లగా తోచును. వెచ్చగా తోచినచో ఇంకను కలుపవలెను. మరియొక పరీక్ష చాకు కొనను ముంచి తీయుట. చల్లని గదిలో అయిదారు నిమిషములలో మెరుపుతో ఆరినచో టెంపరింగు కుదిరినట్లే.

చాకొలెట్టును పొడవైన సన్నని గాజు గ్లాసులో పోసి, పుల్లను నిటారుగా ముంచి, మెల్లగా త్రిప్పుచు తీయవలెను. వెడల్పు గిన్నెలో ముంచుటకంటె గ్లాసులో చాకొలెట్టు తక్కువ పట్టును. పూత దళసరిగా వచ్చుచున్నదని కొందరు కొబ్బరినూనెయో నేయియో కలుపుదురు. పలుచనగుట నిజమే. కాని ఆ క్రొవ్వుల అణువుల ఆకారము వేరు. అవి కోకో వెన్న వరుసలలో దూరి అమరికను చెడగొట్టును. 34 డిగ్రీలకు కరగవలసిన పూత ఇంకను తక్కువ వేడికే కరగును. చల్లని దేశములవారికి ఇది బాధ కాకపోవచ్చును. నూజివీడులో మాత్రము కలుపకుండుటయే మేలు.

పూసిన పుల్లలను నూనె కాగితముపై పరచి ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో దాచవలెను. రిఫ్రిజిరేటరు తప్పనిసరియైనచో డబ్బాలో పెట్టి మూత బిగించిన తరువాతనే లోపల పెట్టవలెను. తీసిన తరువాత డబ్బా గది వేడికి వచ్చువరకు మూత తీయరాదు. అప్పుడు చెమట డబ్బాపై పట్టును గాని పుల్లలపై పట్టదు.

మామిడి రసము కలిపినచో

మామిడి సీమలో ఈ తలంపు రాకమానదు: చిన్నరసపు పండు పిండి, ఆ రసమును చాకొలెట్టులో కలిపినచో ఎట్లుండును? కరగిన చాకొలెట్టులో ఒక్క చెంచా మామిడి రసము పోసి చూచినచో, నున్నగా జారుచున్న చాకొలెట్టు క్షణములో ముద్దకట్టి, గరుకై, గరిటెకు అంటుకొని కూర్చుండును. నీరు పోసినచో పలుచబడవలసినది గట్టిపడుట విద్యార్థులకు వింతగా ఉండును. క్రొవ్వులో మునిగియున్న చక్కెర రేణువులు పొడిగానున్నంతవరకు ఒకదానిపై ఒకటి జారిపోవును. చుక్క నీరు చేరగనే వాటి ఉపరితలము తడిసి పాకమగును. పాకము రేణువులను ఒకదానికొకటి అంటించును. నీరు ఇంకను చాల పోసినచో మరల పలుచబడును గాని, అప్పుడది పూతగా గట్టిపడు చాకొలెట్టు కాదు, రొట్టెకు రాసికొను పులుసు. గిన్నెగాని గరిటెగాని తడిగానుండరాదనుటకు కారణమిదే.

ఆత్రేయపురపు మామిడితాండ్రను సన్నగా తరిగి పూతపై అద్దినచో ముద్దకట్టదు; రుచియు బాగుండును. కాని తాండ్రలో ఇంకను తేమ కలదు. అది మెల్లగా బిస్కెట్టులోనికి పోవును. ఆ పూటకు తినుటకైనచో పరవాలేదు; నిలువకు పనికిరాదు. నిలువకు కావలసినచో తాండ్రను కాగితమంత పలుచగా పోసి, గాజువలె విరుగునంతవరకు ఎండబెట్టి, పొడికొట్టి చల్లవలెను. రోహిణీ కార్తె ఎండ ఈ ఒక్క పనికి మిక్కిలి అనుకూలము. పొడి గాలిలోని తేమను త్వరగా లాగుకొనును గనుక, చల్లునాడే కొట్టుకొనుట మంచిది.

జీడిలోని క్రొవ్వు

పండు సంగతి అట్లుండగా, మామిడికాయలో చాకొలెట్టుతో నిజముగా కలియు భాగము వేరే కలదు. ఆవకాయకు కాయ కొట్టునప్పుడు ప్రతి ముక్కకును టెంక పెంకు ఉండవలెనని చూచుకొందురు. లోపలి జీడిని మాత్రము తీసి పారవేయుదురు. ముదిరిన కాయ జీడిని ఎండబెట్టినచో, దాని బరువులో సుమారు పదవ వంతు క్రొవ్వు ఉండును. రకమునుబట్టి ఇది ఎక్కువ తక్కువలగును. ఈ క్రొవ్వు మామూలు గది వేడికి మెత్తని గడ్డగా ఉండి, కోకో వెన్నవలెనే శరీరపు వేడికి దగ్గరలో కరగును.

ఈ పోలిక కాకతాళీయము కాదు. క్రొవ్వు అణువు అనగా గ్లిసరాలునకు తగిలించిన మూడు క్రొవ్వు ఆమ్లములు. కోకో వెన్న అణువులలో చాలవాటికి నడుమ ఓలియిక్ ఆమ్లము, రెండు ప్రక్కల పామిటిక్ ఆమ్లమో స్టియరిక్ ఆమ్లమో ఉండును. మామిడి జీడి క్రొవ్వులో ఎక్కువ భాగము ఓలియిక్, స్టియరిక్ ఆమ్లములే. నడుమ ఓలియిక్, ఇరుప్రక్కల స్టియరిక్ గల అణువు అందులో ముఖ్యమైనది. ఆకారము ఒక్కటియే గనుక అది కోకో వెన్న వరుసలలో చెదరగొట్టక ఇమిడిపోవును. అంతేగాక, ఈ అణువు తన తోటివాటికంటె కొంత ఎక్కువ వేడికి కరగును. దానిని తగుమాత్రము చేర్చినచో చాకొలెట్టు మెత్తబడదు సరికదా, ఎండకు కొంత ఓర్చుకొనును. కొబ్బరినూనె చేయు పనికి ఇది సరిగా ఎదురు.

ఐరోపా సంఘము 2000 సంవత్సరమున చేసిన నిబంధనలో, చాకొలెట్టులో కోకో వెన్నతోపాటు నూటికి అయిదు పాళ్లు మించకుండ కలుపదగిన వృక్షపు క్రొవ్వులను ఆరింటిని పేర్కొనిరి. అందులో మామిడి జీడి క్రొవ్వు ఒకటి. మన అడవులలోని గుగ్గిలపు చెట్టు, అనగా సాలవృక్షము, గింజల క్రొవ్వు ఒకటి. కొంకణతీరపు కోకం క్రొవ్వు ఒకటి. భారతదేశములో కొన్ని సాల్వెంట్ కర్మాగారములు మామిడి జీడినుండి ఈ క్రొవ్వును తీయుచున్నవి.

అయినను టెంకలు ఎక్కువ భాగము కుప్పలలో కుళ్లిపోవుచున్నవి. ఎందుకో లెక్క వేసినచో తెలియును. నూరు కిలోల పండ్లలో టెంకలు సుమారు పదిహేను కిలోలనుకొందము. పెంకు తీయగా పచ్చి జీడి ఏడెనిమిది కిలోలు. అందులో సగము నీరు. ఎండిన జీడి నాలుగు కిలోలు. క్రొవ్వు నాలుగు వందల గ్రాములు. ఒక ఇంటికి ఇది లెక్కలోనిది కాదు. పండ్లు ఎక్కడెక్కడనో తినబడును గనుక, టెంకలును అక్కడక్కడనే చెల్లాచెదరగును. రసము, గుజ్జు తీయు కర్మాగారముల వద్ద మాత్రమే అవి కుప్పగా దొరకును. అక్కడ కూడ కాలముతో పరుగు పెట్టవలెను. మామిడికాలము ముగియుచుండగనే వానలు వచ్చును. తడిసిన జీడికి బూజు పట్టును, దానిలోని క్రొవ్వు కారుకంపు కొట్టును. బూజు పట్టిన జీడి ప్రమాదకరము కూడ. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూరు ప్రాంతమున 2001లో కరవుకాలమున జీడి అంబలి త్రాగిన గిరిజనులు మరణించిన వార్త దేశమంతటను కలవరము పుట్టించెను. కావున జీడిని పెంకునుండి తీసిన దినముననే ముక్కలు చేసి ఎండబెట్టవలెను. మచ్చ పడినవానిని తీసివేయవలెను.

సాల్వెంట్ అనగా హెక్సేన్ వంటి ద్రవము. నిప్పు తగిలినచో భగ్గున మండును. పాఠశాలలో దానితో క్రొవ్వు తీయుటకు ప్రయత్నింపరాదు. దానికి బదులు ఒక కాగితము చాలును. బాగుగా ఎండిన మామిడి జీడిని, వేయించిన కోకో పప్పును, కొబ్బరి ముక్కను, వేరుసెనగ పప్పును, బియ్యపు గింజలను వేరువేరుగా నూరి, ఒకే తూకము చొప్పున తెల్ల కాగితముపై ఉంచి, మడిచి, పైన వేడి చెంబుతో ఒక నిమిషము అదమవలెను. పొడిని దులిపి, కాగితమును ఎండలో ఒక గంట ఆరబెట్టి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. నీటి మరకలు అప్పటికి ఆరిపోవును. క్రొవ్వు మరకలు మాత్రము వెలుతురును పోనిచ్చుచు నిలుచును. కోకో మరక పెద్దది. జీడి మరక చిన్నది. బియ్యపు కాగితము తెల్లగానే ఉండును. తరువాత అవే కాగితములను కొంతసేపు చల్లని చోట ఉంచి వ్రేలితో తడిమినచో, వేరుసెనగ మరక జిడ్డుగానే ఉండగా, కోకో మరకయు జీడి మరకయు మైనమువలె పొడిగా తగులును.